థెరపీ వర్క్‌షీట్లు: ఏది ఎవరికి?

(అనంతపురంలో కౌన్సెలర్లు, సైకాలజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఇంటర్నెట్‌లో వెతికితే వర్క్‌షీట్లు, అంటే కౌన్సెలింగ్‌కు వచ్చినవాళ్లు నింపే కాగితాలు, కుప్పలుగా దొరుకుతాయి. ఎవరు తయారుచేశారు, కాపీ తీసుకోవడానికి అనుమతి ఉందా అన్నవి చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒత్తిడిని తట్టుకోవడంపై బొమ్మల పుస్తకాన్ని, ఆడియో అభ్యాసాలతో సహా ఉచితంగా పెట్టింది. అక్కడ మొదలుపెట్టొచ్చు.

అసలు కష్టం ఎంపికలో ఉంది. ఆలోచనల పట్టికనే తీసుకోండి. 1960లలో అమెరికా సైకియాట్రిస్టు ఆరన్ బెక్ మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీలో, అంటే ఆలోచనలను పరిశీలించి మార్చుకునే చికిత్సలో, ఇది ముఖ్యమైన సాధనం. ఏం జరిగింది, అప్పుడు ఏమనుకున్నాం, ఆ ఆలోచనకు ఆధారమేంటి అని గళ్లు నింపాలి. పరీక్షల టెన్షన్‌తో వచ్చిన డిగ్రీ విద్యార్థికి బాగా పనికొస్తుంది. శెనక్కాయ పంట ఎండిపోయి, నిద్ర లేక, మంచం దిగే ఓపిక కూడా లేని రైతుకు మొదటి వారమే ఇస్తే? ఆయన అప్పు నిజమైన అప్పు. దానికి ఆధారం అడిగితే మనసు నొచ్చుకుంటుంది. ఆయనకు రోజువారీ పనుల పట్టిక మేలు. ఏ పూట ఏం చేశారు, అప్పుడు మనసు సున్నా నుంచి పది దాకా ఎక్కడుంది, అంతే. రాయడం రాకపోతే ఫోన్లో మాట్లాడి రికార్డు చేయమనండి. అంకెలు పట్టుబడకపోతే పది గింజలు ముందు పెట్టి, బాధ ఎన్ని గింజలంత ఉందో తీసి చూపమనండి.

ఇంకో సంగతి మనం తరచూ మరచిపోతాం. ఆ కాగితం ఇంటికి వెళ్తుంది. అత్తమామలతో ఉండే కోడలు తనకు ఎప్పుడెప్పుడు కోపమొచ్చిందో రాసి ఎక్కడ దాచుకుంటుంది? ఇచ్చే ముందే అడగండి. పేర్లు లేకుండా గుర్తులు పెట్టుకోవచ్చు. లేదంటే మీ దగ్గరికి వచ్చాకే కలిసి నింపొచ్చు.

డిప్రెషన్ ఎంత ఉందో చూసే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9 ఉచితం, తెలుగులోనూ ఉంది. గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు. చివరిది చనిపోవాలన్న ఆలోచనల గురించి. అక్కడ సున్నా, అంటే ‘అసలు లేదు’, కాకుండా ఏది కనిపించినా కాగితం ఫైల్లో పెట్టేయొద్దు, అప్పుడే మాట్లాడండి. అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కూడా రాసివ్వండి, 24 గంటలూ పనిచేస్తుంది.

నింపకుండా వస్తే దయచేసి మందలించకండి. ఏం అడ్డొచ్చిందో అడగండి, ఆ జవాబులోనే చాలా తెలుస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న పట్టికలో నిన్నటి మీ రోజును నింపండి. మనం చేసి చూడనిది ఇంకొకరికి ఇవ్వకూడదు. పది నిమిషాల తర్వాత మాట్లాడుకుందాం.