చైల్డ్ ప్రాసెస్ మొదలు కాకపోతే హ్యాండిళ్లు ఎవరు మూయాలి?

అందరికీ నమస్కారం. నెల్లూరులో మాట్లాడుతూ రొయ్యల గుంటల ఊసెత్తకపోతే ఎట్లా? ఉదాహరణ అక్కడి నుంచే తీసుకుంటాను.

ఇందుకూరుపేట వైపు ఒక గుంట గట్టు మీద చిన్న లినక్స్ పెట్టె ఉందనుకోండి. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో, అదే మన రైతులు డీవో అంటారే, అది సెన్సార్ నుంచి చదువుతుంది. తగ్గితే రైతు ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. అసలు పని ఇదే. దీనికి కొసరుగా ఇంకోటి తగిలించారు: నిమిషానికోసారి వేరే ప్రోగ్రామ్‌ను పిలిచి గ్రాఫ్ గీయించడం. ఒక అప్‌డేట్‌లో ఆ గ్రాఫ్ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ మారింది. అర్ధరాత్రి 12 నుంచి పిలిచినప్పుడల్లా ‘అలాంటి ఫైల్ లేదు’ అని ఎర్రర్. లాగ్‌లో ఒక లైన్ పడుతుంది, అంతే. గ్రాఫ్ రాకపోతే కొంపలేం మునుగుతాయి అనుకుంటాం.

మునుగుతాయి. లెక్క చూడండి. మన ప్రోగ్రామ్ పేరెంట్, అది పిలిచిన ప్రోగ్రామ్ చైల్డ్ ప్రాసెస్. చైల్డ్‌తో మాట్లాడటానికి ఇన్‌పుట్‌కు, అవుట్‌పుట్‌కు, ఎర్రర్‌కు తలా ఒక పైప్, అంటే డేటా పారే గొట్టం తెరుస్తాం. పైప్‌కు రెండు కొసలు, అంటే మొత్తం 6 డిస్క్రిప్టర్లు. తెరిచిన ప్రతిదానికీ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఇచ్చే నంబరే డిస్క్రిప్టర్; విండోస్‌లో హ్యాండిల్ అంటారు. లాంచ్ ఫెయిలైనప్పుడు వాటిని మూయకుండా ఫంక్షన్ రిటర్న్ అయిపోతే నిమిషానికి 6 చొప్పున పోగుపడతాయి. చాలా లినక్స్ సిస్టమ్‌లలో ఒక ప్రాసెస్‌కు మామూలుగా ఉండే పరిమితి 1024. దాన్ని 6తో భాగిస్తే 170 నిమిషాలు. మూడు గంటలు కూడా పట్టదు. ఆ తర్వాత ఏది తెరవబోయినా ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’. మెసేజ్ పంపాలంటే నెట్‌వర్క్ కనెక్షన్, అంటే సాకెట్ తెరవాలి కదా, అదీ తెరుచుకోదు. ఎండ లేక నీటిలో ఆక్సిజన్ తయారవక, ఉన్నది ఖర్చయిపోతూ డీవో అడుగంటేది సరిగ్గా తెల్లవారుజామునే. గ్రాఫ్ కోసం పెట్టిన కోడ్ వల్ల నీటిలో గాలి కలిపే ఏరియేటర్ వేయమని చెప్పాల్సిన మెసేజ్ ఆగిపోయింది.

ఇక్కడ చాలామంది పరిమితిని 65,536కు పెంచి హమ్మయ్య అనుకుంటారు. దాన్ని నేను వైద్యం అనను. అదే వేగంతో లీకైతే ఏడు రోజులు దాటాక పడిపోతుంది. మూడు గంటల్లో దొరికే తప్పును వారం దాకా దాచిపెట్టుకున్నట్టు.

మరి ఎక్కడ లీకవుతోంది? యూనిక్స్‌లో లాంచ్ రెండు అంచెల్లో జరుగుతుంది: ముందు ఫోర్క్, అంటే పేరెంట్ తన నకలుగా చైల్డ్‌ను పుట్టించడం; ఆ తర్వాత చైల్డ్‌లో ఎగ్జెక్, అంటే ఆ నకలు స్థానంలో కావలసిన ప్రోగ్రామ్‌ను ఎక్కించడం. ఫోర్కే ఫెయిలైతే చైల్డ్ పుట్టనే లేదు, ఆరూ పేరెంట్ చేతిలోనే ఉన్నాయి, ఆరూ మూయాలి. ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. చిక్కంతా ఫోర్క్ సక్సెసై, ఎగ్జెక్ ఫెయిలైనప్పుడు. ‘చైల్డ్ చచ్చిపోయిందిగా, కెర్నల్ అన్నీ మూసేస్తుందిలే’ అనుకుంటారు. కెర్నల్ మూసేది చైల్డ్ దగ్గరున్న కాపీలనే. పేరెంట్ కాపీల జోలికి రాదు. అంతేకాదు, ఆ చచ్చిన చైల్డ్ ఎట్లా ముగిసిందో అడిగే వెయిట్‌పిడ్ కాల్ పిలవకపోతే జాంబీగా ప్రాసెస్ టేబుల్‌లో కూర్చుంటుంది. దాన్నీ తుడవాలి.

అసలు చైల్డ్‌లో ఎగ్జెక్ ఫెయిలైందని పేరెంట్‌కు ఎట్లా తెలుస్తుంది? దీనికి ఒక చక్కని ఉపాయం ఉంది, పైథాన్ సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ కూడా యూనిక్స్‌లో దీన్నే వాడుతుంది. క్లోజ్-ఆన్-ఎగ్జెక్, అంటే ఎగ్జెక్ కాగానే మూసుకుపొమ్మనే ఫ్లాగ్ పెట్టిన ఇంకో పైప్ తెరుస్తారు. ఎగ్జెక్ సక్సెసైతే దాని రాసే కొస దానంతటదే మూసుకుపోతుంది, పేరెంట్ చదివితే ఖాళీ వస్తుంది. ఫెయిలైతే చైల్డ్ ఎర్రర్ వివరం అందులో రాసి వెళ్లిపోతుంది. కాకపోతే పేరెంట్ తన దగ్గరున్న రాసే కొసను ముందే మూసి ఉండాలి. లేదంటే రాసేవాడు ఇంకా ఉన్నాడనుకుని కెర్నల్ ఖాళీ అని చెప్పదు, పేరెంట్ తన కోసం తానే ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఎర్రరూ రాదు, జవాబూ రాదు. డీబగ్ చేసేవాడికి ఇంతకంటే టెన్షన్ ఉండదు.

ఆ ఫ్లాగ్‌ను పైప్ తెరిచాక వేరుగా పెట్టకండి. తెరవడానికీ పెట్టడానికీ మధ్య, అదే ప్రాసెస్‌లో పక్కన నడిచే ఇంకో థ్రెడ్ ఫోర్క్, ఎగ్జెక్ చేస్తే డిస్క్రిప్టర్ మూసుకోకుండా ఆ కొత్త ప్రోగ్రామ్‌కు వెళ్లిపోతుంది. ఒక్క దెబ్బలో రెండూ చేసే పైప్2 కాల్ 2008లో, లినక్స్ 2.6.27తో వచ్చింది.

ఇక సరిదిద్దడం. సీ భాషలో ఆ ఆరు కొసల వేరియబుల్స్‌నూ, కబురు పైప్ రెండు కొసలవీ ముందు మైనస్ 1తో నింపండి. మైనస్ 1 అంటే ఇంకా తెరవలేదని గుర్తు. రెండో పైప్ తెరవడమే ఫెయిలైనా, ఫోర్క్ ఫెయిలైనా, ఎగ్జెక్ ఫెయిలైందని కబురొచ్చినా, అన్ని దారులూ ఫంక్షన్ చివర ఒకే చోటికి రావాలి. అక్కడ మైనస్ 1 కానిది ప్రతిదీ మూసి, మళ్లీ మైనస్ 1 చేయండి. కోడ్‌లో వేరే చోటికి దూకే గోటూ వాడకూడదని క్లాసులో చెప్పి ఉంటారు, ఇక్కడ మాత్రం నిక్షేపంగా వాడండి. లినక్స్ కెర్నల్ నిండా ఇదే పద్ధతి.

మళ్లీ మైనస్ 1 ఎందుకంటే, మూసిన నంబర్‌ను కెర్నల్ వెంటనే ఇంకొకరికి ఇచ్చేస్తుంది. అదే నంబర్ మీద రెండోసారి క్లోజ్ పిలిస్తే, ఈలోపు ఇంకో థ్రెడ్ తెరుచుకున్న సాకెట్‌ను మీరు మూసేస్తారు. లీక్ కంటే ఇది ఘోరం, ఎందుకంటే పేలేది మీ ఫంక్షన్‌లో కాదు. ఇంకోటి: మూయడానికి ముందే ఎర్ర్‌నో విలువ, అంటే చివరి ఎర్రర్ నంబర్, దాచుకోండి. క్లోజ్ కూడా దాన్ని మార్చగలదు. అసలు కారణం పోయి ఏదో తలాతోకా లేని ఎర్రర్ లాగ్‌లో పడుతుంది. ఎగ్జెక్ ఫెయిలైన చైల్డ్ మాత్రం మామూలు ఎగ్జిట్ కాకుండా అండర్‌స్కోర్ ఎగ్జిట్ పిలవాలి. లేకపోతే పేరెంట్ బఫర్‌లో మిగిలిన రాత రెండుసార్లు బయటికి రావచ్చు.

విండోస్‌లో ఫోర్క్ లేదు కాబట్టి కథ చిన్నది. క్రియేట్‌ప్రాసెస్ సక్సెసైతే ప్రాసెస్‌కొకటి, థ్రెడ్‌కొకటి హ్యాండిళ్లు ఇస్తుంది, పనయ్యాక రెండూ మూయాలి. ఫెయిలైతే వాటిని ముట్టుకోవద్దు, మీరు తెరిచిన పైపుల కొసలు మాత్రం మూయండి.

సరిచేశామని నమ్మేదెట్లా? ప్రాక్ కింద సెల్ఫ్ ఫోల్డర్‌లో ఎఫ్‌డీ అని ఉంటుంది, ఆ ప్రాసెస్ తెరిచిన డిస్క్రిప్టర్ల జాబితా అది, అందులో ఎన్ని ఎంట్రీలున్నాయో లెక్కపెట్టండి. లేని ప్రోగ్రామ్ పేరిచ్చి లాంచ్ ఫంక్షన్‌ను 2,000 సార్లు పిలవండి. మళ్లీ లెక్కపెట్టండి. పిలుపుకు ఒక్కటి లీకైనా 1024 దాటి పట్టుబడుతుంది. ఫోర్క్ ఫెయిలయ్యే దారి కోసం యూలిమిట్ కమాండ్‌తో ప్రాసెస్‌ల పరిమితి తగ్గించి చూడండి, కానీ రూట్‌గా, అంటే అడ్మిన్ యూజర్‌గా నడపొద్దు, రూట్‌కు ఆ పరిమితి వర్తించదు. పైప్ ఫెయిలయ్యే దారికి ఓపెన్ ఫైళ్ల పరిమితి తగ్గించండి.

ల్యాప్‌టాప్‌లు తెచ్చినవాళ్లు ముందుకు రండి. మొదటి పరీక్ష ఇక్కడే నడిపి చూద్దాం, ప్రశ్నలు కూడా అప్పుడే అడుగుదురు.