హంతకుడెవరో అప్పుడే చెప్పకండి

శ్రోతలకు నమస్కారం.

డిటెక్టివ్ నవల ఒంటరిగానే చదువుతాం. చదవడం అయ్యాక మాత్రం ఒంటరిగా ఉండలేం. ఆ మేనల్లుడి మీద నాకు మొదటినుంచీ అనుమానమే అని ఎవరితోనైనా అనాలి. చదవనివాళ్లతో అంటే వాళ్ల టెన్షన్, సరదా రెండూ పోతాయి. మరి ఎవరితో అనాలి? అందుకే ఈ అభిమానుల క్లబ్బులు.

రాసేవాళ్లకు కూడా ఒక క్లబ్బు ఉంది. 1930లో లండన్‌లో డిటెక్షన్ క్లబ్ పెట్టారు. ముఖ్యమైన క్లూ ఏదీ పాఠకుడి దగ్గర దాచనని సభ్యులు ప్రమాణం చేసేవారు. ఆ ప్రమాణం నాకెంతో ఇష్టం. క్లూ మన కళ్ల ముందే ఉంటుంది, చూడాలంతే.

చూడడం అంటే ఏమిటో ఒక్క ఉదాహరణ చెబుతాను. షెర్లాక్ హోమ్స్ స్నేహితుడు డాక్టర్ వాట్సన్ అఫ్ఘాన్ యుద్ధంలో గాయపడ్డాడు. 1887లో వచ్చిన మొదటి నవలలో తూటా ఆయన భుజానికి తగిలింది, ఎముక విరిగింది. 1890లో వచ్చిన రెండో నవలలో అదే వాట్సన్ కాలు పట్టుకుని కూర్చుంటాడు. తూటా దిగింది కాల్లోనట, వాతావరణం మారినప్పుడల్లా సలుపుతుందట. భుజమా, కాలా?

ఈ ప్రశ్న క్లబ్బులో వేసి చూడండి. తూటాలు రెండు అంటారొకరు. కాదు, ఒకటే అంటూ ఇంకొకరు కుర్చీ పక్కకి జరిపి, గాయపడ్డ సిపాయికి కట్టు కడుతున్నట్టు నేల మీద మోకాళ్ల మీద వంగుతారు. పక్కనున్నవారు పెన్సిల్ పట్టుకుని, భుజంలోంచి తొడలోకి తూటా ఎలా వెళ్లగలదో చూపిస్తారు. ఇంతలో ఒకరు 1892 నాటి కథ తెరుస్తారు. అందులో వాట్సన్ తూటా నా ఒకానొక అవయవంలో ఉంది అంటాడు. ఏ అవయవమో చెప్పడు! గది గొల్లుమంటుంది.

రచయిత మరిచిపోయి ఉంటాడని అందరికీ తెలుసు. కానీ ఈ ఆటలో ఆ జవాబు చెల్లదు. కథలోంచే జవాబు తీయాలి. న్యూయార్క్‌లో 1934లో మొదలైన బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్ అనే హోమ్స్ అభిమానుల సంఘం ఇప్పటికీ ఇదే ఆట ఆడుతోంది.

ఇంత చిన్న విషయానికి ఇంత చర్చా అనుకోకండి. నాకైతే అసలు ఆనందం ఇక్కడే ఉంది. నర్సు ఒకరుంటే విషం గుట్టు విప్పుతారు. బ్యాంకులో పనిచేసేవారు వీలునామా మీది సంతకం దగ్గర ఆగిపోతారు. నేను గబగబా దాటేసిన వాక్యం దగ్గర ఇంకొకరు ఆగారు చూడండి, ఆ క్షణం కోసమే వెళ్లాలనిపిస్తుంది.

మీరూ క్లబ్బు పెట్టుకోవాలనుకుంటే ఒక్క పద్ధతి పాటించండి. అందరూ చివరి అధ్యాయానికి ముందే ఆగాలి. అవును, ముందే ఆగాలి. అపరాధి పేరు, ఏ క్లూ వల్ల అలా అనుకున్నారో ఒక చీటీ మీద రాసి కవరులో పెట్టాలి. క్లూ లేని పేరు లెక్కలోకి రాదు. కవర్లు తెరిచాకే చివరి అధ్యాయం చదవాలి, అదీ అక్కడే, ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వినాలి. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముద్రణ ఉంటుంది, పేజీలు కలవవు. కాబట్టి చీటీ మీద పేజీ కాకుండా అధ్యాయం నంబరు వేయండి.

సెలవు, నమస్కారం.