ముందు చెవికి కుదరాలి, ఆ తర్వాతే పాట

నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. నా ముందు బల్ల మీద రెండు జతల ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. రెండూ తీగ ఉన్నవే, చెవి నాళంలోకి దూరి కూర్చునే రకం, వెయ్యి రూపాయల లోపు ధర. మూడు వారాలుగా వీటిని మార్చి మార్చి వింటున్నాను. కంపెనీల పేర్లు చెప్పను. ఈ ధరలో కొత్త సరుకు వస్తూనే ఉంటుంది, పాతది మాయమవుతూనే ఉంటుంది. దుకాణంలో మీ చేతికి ఏది వచ్చినా మంచిచెడ్డలు పట్టుకోగలగాలి, ఈరోజు అది చూద్దాం.

మొదటి జత పెట్టుకున్న రోజు నాకు నిజంగా కోపం వచ్చింది. ఎడమ వైపు పాట పీలగా, రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంది. మృదంగం ఉందా లేదా అన్నంత దూరంగా వినిపించింది. పాడైన సరుకు అంటగట్టారనుకుని తిరిగి ఇచ్చేయడానికి పెట్టెలో సర్దుతుంటే, అదనంగా ఇచ్చిన సిలికాన్ రబ్బర్లు కనిపించాయి. ఎడమ వైపు ఒక సైజు పెద్దది తొడిగి చూశాను. మృదంగం వచ్చి పక్కన కూర్చుంది! నా రెండు చెవుల నాళాలూ ఒకే కొలతలో లేవు, అంతే సంగతి. మీవీ అలాగే ఉండవచ్చు. అందుకే రెండు వైపులా ఒకే సైజు రబ్బరు వాడాలన్న నియమం పెట్టుకోకండి.

దీనికి కారణం తేలికగా అర్థమవుతుంది. లోపల శబ్దం పుట్టించే డ్రైవర్ పొర చాలా చిన్నది. అది మంద్రస్థాయి ధ్వనిని వినిపించాలంటే చెవి నాళంలో మూసిపెట్టిన కాస్త గాలినే ముందుకూ వెనక్కూ నెట్టాలి. రబ్బరు పక్కన సన్నని సందు ఉన్నా ఆ ఒత్తిడి బయటికి పోతుంది. ముందుగా పోయేది బేస్. మిగిలిన పై స్థాయి ధ్వనులు గీరుతున్నట్టు వినిపిస్తాయి. మనం ఇయర్‌ఫోన్లను తిడతాం. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవిని కాస్త పైకి, వెనక్కి లాగండి. నాళం తిన్నగా అవుతుంది, రబ్బరు సరిగ్గా కూర్చుంటుంది. తర్వాత ఏదైనా మాట్లాడండి. మీ గొంతు మీకే తల లోపల బరువుగా మోగితే పట్టు కుదిరినట్టు.

ఇక ధ్వని. పెట్టె మీద ధ్వని పరిధి 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని అచ్చు వేస్తారు. ఇంచుమించు అన్ని పెట్టెల మీదా అదే ఉంటుంది, దాన్ని చూసి ఏదీ తేల్చలేం. డ్రైవర్ 10 మిల్లీమీటర్లా, 6 మిల్లీమీటర్లా అన్నదానితోనూ తేలదు. నేను మొదట గొంతు వింటాను. నెల్లూరు వాళ్ళకు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతు ఇంటి మనిషి గొంతు. ఆయన పాటల్లో చరణానికి ముందు తీసుకునే ఊపిరి, పదం చివర సన్నగా విడిచే నవ్వు మనకు కంఠతా తెలుసు. అవి బేస్ కింద నలిగిపోతే ఆ జత నాకు వద్దు. మొదటి జతలో నలిగిపోయాయి. రెండోదానిలో బతికాయి.

తర్వాత స, శ, ష. ఈ అక్షరాలు వచ్చినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టు ఉంటే, దుకాణంలో రెండు నిమిషాలు మెరుపుగా అనిపించినా ఇంట్లో అరగంట వినలేరు. ఆపైన మృదంగం ఎడమ ముఖం, మంద్రంగా మోగేది. దాని మీద గుమికి, అంటే చేత్తో నొక్కి జార్చే దెబ్బ, పలికినప్పుడు ధ్వని వంగి జారడం వినపడాలి, ఊరికే ధబ్ అంటే చాలదు. ఇంకో జాగ్రత్త: రెండు జతలను పోల్చేటప్పుడు శబ్దం రెండింటికీ సమానంగా పెట్టండి. కాస్త గట్టిగా మోగేదే మనకు బాగున్నట్టు తోస్తుంది. నేనూ మొదటి వారం అలాగే మొదటి జతకు ఓటు వేశాను.

సుఖంగా ఉందో లేదో దుకాణంలో తేలదు. అందుకే పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు నుంచి ఒంగోలు దాకా పెట్టుకుని వెళ్ళాను, రెండు ప్రయాణాలు, రెండు జతలు. మొదటి జత కావలి వచ్చేసరికి కుడి చెవి గిన్నెలో నొక్కడం మొదలుపెట్టింది. దాని డొప్ప అంచు గట్టిగా ఉంది. సింగరాయకొండ దాటాక తీసి జేబులో వేసుకున్నాను. రెండోది డొప్ప చిన్నది. తీగను చెవి మీదుగా వెనక్కి తిప్పి వేసుకున్నాను, చొక్కాకు రాసుకునే గరగర కూడా తగ్గింది. ఒంగోలులో దిగేదాకా గుర్తుకే రాలేదు.

రైలులోనే పట్టు విలువ మరోసారి తెలిసింది. చక్రాల మోత బేస్‌ను మింగేస్తుంది, మనం శబ్దం పెంచుకుంటూ పోతాం. రబ్బరు సరిగ్గా కూర్చుంటే మోతలో కొంత బయటే ఆగుతుంది, పెంచే అవసరం తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్ళ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు, 90 దగ్గర నాలుగు గంటలే. పది డెసిబెళ్ళకే అంత తేడా! పిల్లలకు కొనిచ్చేవాళ్ళు దయచేసి ఇది గుర్తుంచుకోండి. బండి నడిపేటప్పుడు మాత్రం అసలు పెట్టుకోవద్దు.

మన ఎండల సంగతీ చెప్పాలి. రోహిణి కార్తెలో ఇక్కడ చెవి వెనక కూడా చెమట కారుతుంది. సిలికాన్ జారుతుంది, స్పాంజి రకం చెమట పీల్చుకుని త్వరగా పాడవుతుంది. వాడాక పొడి గుడ్డతో తుడవండి. ఒక వైపు శబ్దం తగ్గితే ముందు జాలీ చూడండి, గులిమి అడ్డుపడి ఉండవచ్చు.

రెండో జత నా దగ్గరే ఉంచుకున్నాను. మొదటిది మా అక్క కొడుకు పట్టుకెళ్ళాడు. వాడి చెవులు పెద్దవి, పూటంతా పెట్టుకున్నా నొప్పి లేదంటున్నాడు. బేస్ ఎక్కువైందన్న నా మాటతో మాత్రం వాడు ఒప్పుకోవడం లేదు.