రంగుపెట్టె మూడో రోజు తెరుద్దాం

అందరికీ నమస్కారం. రేపు పొద్దున్నుంచి ఆరు రోజులు మనకు వేరే పనేమీ లేదు, బొమ్మలు గీయడమే. చాలామంది సంచుల్లో 24 రంగుల పెట్టెలున్నాయని తెలుసు. మొదటి రెండు రోజులు వాటి మూత తీయకండని అడగడానికే ఈ అరగంట తీసుకుంటున్నాను.

కారణం చెబుతాను. బొమ్మలో ఉన్నది చెట్టో గోడో కంటికి తెలిసేది ముఖ్యంగా వెలుగునీడల తేడా వల్లే. నలుపు తెలుపు ఫొటోలో అన్నీ గుర్తుపడుతున్నాం కదా. చెట్టుకి ఊదా రంగు వేసినా ముదురూ లేతా సరిగ్గా కుదిరితే అది చెట్టులాగే నిలబడుతుంది. అవి తప్పాయా, ఎంత మంచి ఆకుపచ్చ వేసినా చెట్టు చదునుగానే కనిపిస్తుంది. ఈ తేడాని నీటి రంగులతో నేర్చుకోబోతే నీళ్ల పాళ్లు, కాగితం తడి, రంగుల కలయిక అన్నీ ఒకేసారి మీద పడతాయి. పెన్సిల్‌తో అయితే చూసుకోవాల్సింది ముదురు ఎంత అన్నదొక్కటే.

హెచ్‌బీ, 2బీ, 6బీ మూడు పెన్సిళ్లు చాలు. బీ ముందు అంకె పెరిగేకొద్దీ పెన్సిల్ మెత్తగా, నల్లగా ఉంటుంది. హెచ్‌బీతోనే నల్లగా వేద్దామని గట్టిగా నొక్కితే కాగితం లోపలికి దిగి మెరుస్తుందే గానీ నలుపు రాదు. పెన్సిల్ మొనను షార్ప్‌నర్‌తో కాకుండా బ్లేడుతో చెక్కండి, లోపలి గ్రాఫైట్ సెంటీమీటరు దాకా బయటికి రావాలి. అప్పుడే పెన్సిల్ పక్కకి వాల్చి వెడల్పుగా షేడింగ్ చేయగలరు. రబ్బరు పిండిముద్దలా నలిగేదైతే మంచిది, కాగితం పొర లేవదు.

మొదటి అభ్యాసం: రెండేసి సెంటీమీటర్ల గడులు ఐదు వరసగా గీయండి. మొదటి గడి ఖాళీ కాగితం. ఐదోది 6బీతో వచ్చినంత నలుపు. తర్వాత నడిమి గడి నింపండి, మిగతా రెండూ చివర్న. ఎడమనుంచి వరసగా నింపుకుంటూ పోతే మూడో గడికే నలుపంతా అయిపోతుంది, చివరి రెండూ ఒకేలా తేలతాయి.

ఆ తర్వాత ఎదుటి దృశ్యాన్ని కళ్లు సగం మూసి చూడండి. ఆకులూ ఇటుకలూ కలిసిపోయి మూడు నాలుగు పెద్ద మచ్చలు మిగులుతాయి. వాటినే 6 సెంటీమీటర్లకు 8 సెంటీమీటర్ల చిన్న చట్రంలో, లేత, మధ్యరకం, ముదురు అనే మూడే స్థాయిలతో, ఐదు నిమిషాల్లో వేయండి. పెద్ద కాగితం ముట్టుకునే ముందు ఇలాంటివి నాలుగు. విసుగు పుడుతుంది, పుట్టనివ్వండి. ఏ పక్కన బొమ్మ బరువెక్కుతోందో ఇక్కడే తెలుస్తుంది, ఇక్కడే మార్చుకోవచ్చు.

కొలతల విషయంలో దాదాపు అందరూ ఒకేలా పొరబడతారు. పెన్సిల్ పట్టుకుని చెయ్యి చాపి ఒక కన్ను మూసి కొలవడం అందరికీ తెలుసు. మోచెయ్యి కాస్త వంగినా కొలత మారిపోతుందన్నది మరిచిపోతారు. ఇంకొకటి, పెన్సిల్‌ని దృశ్యం లోపలికి వాలుస్తారు. అది మీ ఎదుట నిలబెట్టిన గాజు పలకకి ఆనించినట్టు ఉండాలి. తలుపు వెడల్పు లాంటి ఒక కొలతను ఎంచుకుని మిగతావన్నీ దానికి ఎన్ని రెట్లో చూడండి. దూరంగా ఉన్న చెరువును ఇలా కొలిస్తే ఆశ్చర్యపోతారు. గుండ్రంగా ఉంటుందని మనసుకి తెలుసు కాబట్టి చెయ్యి దాన్ని ఎత్తుగా గీసేస్తుంది. నిజానికి కనిపించేది సన్నటి పట్టీ మాత్రమే.

కూర్చుని మొదలుపెట్టిన బొమ్మను కూర్చునే ముగించండి. లేచి నిలబడితే కంటి మట్టం మారుతుంది, దాంతో ఇంటి కప్పు గీతల వాలూ మారుతుంది. మట్టానికి పైనున్న గీతలు దూరం వెళ్లేకొద్దీ కిందికి దిగుతాయి, కిందున్నవి పైకి లేస్తాయి. భవనం కూలిపోతున్నట్టు వచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే.

నీడలు ఆగవు. రెండు గంటల్లో దృశ్యం వేరే అయిపోతుంది. అందుకే మొదటి పది నిమిషాల్లోనే నీడల అంచులు గీసేసుకుని, ఇక వాటి జోలికి పోకండి. ఎండతోపాటు దిద్దుకుంటూ పోతే బొమ్మలో ఇద్దరు సూర్యులు తేలతారు. పని మిగిలిపోతే మర్నాడు అదే వేళకి వెళ్లండి.

మూడో రోజు రంగులు. నాలుగే తీయండి: లెమన్ ఎల్లో (నిమ్మపసుపు), క్రిమ్సన్ (ముదురు ఎరుపు), అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు). చివరి రెండూ కలిపితే దాదాపు నలుపు వస్తుంది, నీళ్లు పోస్తే చక్కటి బూడిద రంగులొస్తాయి. నల్ల ట్యూబుతో పనిలేదు. అమెరికా చిత్రకారుడు జాన్ గోఫ్ రాండ్ 1841లో రేకు ట్యూబుకు పేటెంట్ తీసుకునేదాకా నూనె రంగులను పంది మూత్రాశయపు సంచుల్లో మోసేవారు. ఇప్పుడు మోయడం తేలికైంది కాబట్టే అక్కర్లేనివన్నీ మోస్తున్నాం.

కాగితం 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 300 గ్రాముల మందంది ఉండాలి, సైజు ఏ4 మించొద్దు. పల్చటి కాగితం తడికి ఉబ్బి, గుంటల్లో రంగు నిలిచి మచ్చలుగా ఆరుతుంది. కాగితాన్ని అట్ట మీద పెట్టి నాలుగు వైపులా టేపు వేయండి. 10వ నంబరు గుండ్రటి బ్రష్ ఒకటి, 4వది ఒకటి. ఆకాశాన్ని చిన్న బ్రష్‌తో వేస్తే ఒక గీత అంచు ఆరిపోయాక రెండో గీత వస్తుంది, చారలు పడతాయి.

వాష్, అంటే నీళ్లు కలిపిన పల్చటి రంగును వెడల్పుగా సమంగా పరవడం, వేసే ముందు అట్ట పైభాగం కింద రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు పెట్టండి. సరిపోతుందనుకున్న దానికి రెట్టింపు రంగు కలుపుకోండి, మధ్యలో అయిపోతే అదే రంగు మళ్లీ రాదు. పైనుంచి అడ్డంగా ఒక గీత లాగితే దాని కింది అంచున రంగు నీరు చేరుతుంది. రెండో గీత ఆ నీటిని అందుకుని కిందికి తేవాలి. చివర్న మిగిలిన నీటిని పిండిన బ్రష్‌తో తీసేయండి. తర్వాత వెనక్కి వెళ్లి దిద్దాలన్న కోరిక పుడుతుంది. కాగితం మెరుపు పోయి ఇంకా తడిగా ఉన్న ఆ సమయంలో నీళ్లున్న బ్రష్ తాకిందా, ఆ నీరు రంగును నెట్టుకుంటూ పోయి చిరిగిన అంచుల మచ్చ మిగులుస్తుంది. మెరుస్తున్నప్పుడే దిద్దండి, లేదా పూర్తిగా ఆరనివ్వండి. వేలి వెనకవైపుతో తాకితే కాగితం చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదన్నమాట.

నీటి రంగు ఆరాక వెలిసినట్టు లేతబడుతుంది, కాబట్టి కోరుకున్న దానికంటే కాస్త ముదురుగా వేయాలి. రంగు బురదగా మారితే ముందు నీళ్లు చూడండి. బ్రష్ కడగడానికి ఒక గ్లాసు, రంగు కలపడానికి వేరే గ్లాసు ఉండాలి. ఒకేచోట పదేపదే రుద్దినా బురదే.

కాగితం మీద ఎండ పడేలా కూర్చోవద్దు. తెల్లదనానికి కళ్లు చెదిరి రంగు ఎక్కువ వేస్తారు, గదిలోకి తెచ్చి చూస్తే బొమ్మ మసకబారినట్టుంటుంది. రంగుల గొడుగూ వద్దు, దాని రంగంతా కాగితం మీదే పడుతుంది.

సాయంత్రం అందరి బొమ్మలూ గోడకి ఆనించి మూడు మీటర్ల దూరం నుంచి చూద్దాం. మేము నేర్పేటప్పుడు మీ కాగితం మీద కుంచె పెట్టబోతే ఆపండి. వేరే కాగితం ఇచ్చి దానిమీద చూపించమనండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.