దారం వేసి చూస్తే డాలస్ ఎంత దూరం?

గ్రంథాలయానికి వచ్చిన పెద్దలకూ, పిల్లలకూ నమస్కారం.

మన కోనసీమలో కువైట్‌లోనో, మస్కట్‌లోనో, అమెరికాలోనో పిల్లలు లేని వీధి అరుదు. మా అమ్మాయి మొదటిసారి డాలస్ వెళ్లినప్పుడు టికెట్‌లో ఇలా ఉంది: దుబాయ్‌లో తెల్లవారుజామున 2:40కి బయల్దేరి, డాలస్‌లో ఉదయం 9:20కి దిగుతుంది. ఆరు గంటల నలభై నిమిషాలే కదా అనుకుంది మా ఆవిడ. మన గడియారంలో పదకొండయింది, ఫోన్ రాలేదు. ఆ టెన్షన్‌లో మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ఫోన్ రాత్రి ఎనిమిది దాటాక వచ్చింది. లెక్కల మాస్టారినై ఉండి కూడా ముందురోజే ఆవిడకి విడమర్చి చెప్పలేదే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

టికెట్‌లో ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, అందుకే పడమటికి పోయేకొద్దీ గడియారం వెనకబడుతుంది. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. డాలస్ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. అంటే వేసవిలో ఆ రెండు ఊళ్లకీ మధ్య తేడా 9 గంటలు. 6:40కి అది కలపండి, 15:40. అదీ అసలు ప్రయాణం.

ఇక దూరం. గోడ మీది మ్యాప్‌లో స్కేలు పెట్టి కొలవకండి. గుండ్రటి భూమిని సాగదీసి పరిచిన బొమ్మ అది. గ్లోబు మీద హైదరాబాద్ దగ్గర దారం ఒక కొస పట్టుకుని, రెండో కొస డాలస్ దగ్గర బిగించి లాగండి. దారం ఆఫ్రికా మీదుగా పోదు, జారి జారి ఉత్తర ధ్రువం దగ్గరికి చేరుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు పులకరించింది.

ఎందుకంటే హైదరాబాద్ రేఖాంశం తూర్పున 78 డిగ్రీలు, డాలస్‌ది పడమట 97. కలిపితే 175. 180 అయితే డాలస్ రేఖాంశం మన దానికి సరిగ్గా అవతలి వైపున ఉన్నట్టు. ఇది దాదాపు అంతే, అందుకే దగ్గర దారి ధ్రువం పక్కనుంచి పోతుంది. హైదరాబాద్ అక్షాంశం 17, ధ్రువానిది 90, కాబట్టి ధ్రువానికి 73 డిగ్రీలు. డాలస్ 33, ధ్రువం నుంచి అక్కడికి 57. మొత్తం 130. డిగ్రీకి 111 కిలోమీటర్లు, అంటే సుమారు 14,430. త్రికోణమితి సూత్రంతో వేసినా పెద్ద తేడా రాదు. ఊళ్లు ఇలా ఎదురెదురుగా లేకపోతే మాత్రం సూత్రమో, దారమో తప్పదు.

దుబాయ్ మీదుగా వెళితే ఇంకో వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ. దుబాయ్ నుంచి డాలస్‌కి దాదాపు 12,900. గంటకి 900 చొప్పున పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలు. రన్‌వే దాకా నడవడం, పైకెక్కడం, దిగడం, దారి కాస్త చుట్టు తిరగడం, గాలి, వీటన్నిటికీ మిగతా సమయం.

గాలి అన్నాను కదా. కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఏటి వాలుకి పోవడం వేరు, ఎదురు పోవడం వేరు. పైన పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి గాలి ఏరులా పారుతుంది. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి పడమటి దారి మానేసి, పసిఫిక్ మీదుగా తూర్పుకి విమానం నడిపింది. దూరం వెయ్యి కిలోమీటర్లకి పైగా పెరిగింది, సమయం తగ్గింది!

గ్లోబూ, దారపు ఉండా బల్ల మీద ఉన్నాయి. వెనక వరసలో పెద్దమ్మగారూ, మీ అబ్బాయి మస్కట్‌లో అన్నారు కదా. ముందు మీరు రండి, ఈ కొస పట్టుకోండి.