ఎల్‌ఈడీకి వేడి పుట్టదని ఎవరన్నారు?

[వంటగది. గోడ నుంచి ముందుకు జరిపిన పాత ఫ్రిజ్. దాని వెనక చేయి పెట్టి మాట్లాడాలి.]

నమస్కారం. హనుమకొండలో మా ఇంటి ఫ్రిజ్ ఇది. వీడియో మాత్రం కారు హెడ్‌లైట్ల గురించే, కంగారు పడకండి. ముందు తలుపు తీస్తే చలి, వెనక జాలీ దగ్గర చేయి పెడితే సెగ. ఈ సెగను గుర్తుంచుకోండి.

మా చిన్నాన్న కొడుకు కెనడాలోని విన్నిపెగ్‌లో ఉంటాడు. అక్కడ జనవరిలో మైనస్ 25 డిగ్రీలు మామూలు సంగతి. కొత్త కారు కొన్నాడు. మంచు కురుస్తుండగా అరగంట నడిపేసరికి ముందున్న రోడ్డు మసకబారింది. దిగి చూస్తే హెడ్‌లైట్ల మీద మంచు అట్టకట్టి ఉంది. పాత కారుకు ఎప్పుడూ ఇలా కాలేదట. వీడియో కాల్‌లో చిన్నాన్న రెండు ముక్కల్లో తేల్చేశాడు: "ఎల్‌ఈడీకి వేడే పుట్టదు కదరా, అందుకే. వేడినీళ్లు పొయ్యి, పోతుంది."

రెండూ తప్పే. మొదటి మాట నాలుగేళ్లుగా వింటున్నాను. లైట్లు అమ్మే దుకాణాల్లోనూ అదే మాట చెబుతుంటే ఇక ఊరుకోలేకపోయాను.

[తెర మీద: హాలోజన్ బల్బు, పక్కన ఎల్‌ఈడీ]

పాత హాలోజన్ బల్బు డిమ్‌లో 55 వాట్లు తింటుంది. అందులో వెలుగయ్యేది కొంచెమే. మిగతాదాంట్లో చాలా భాగం కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా, వెలుగుతో పాటే ముందుకు వచ్చి లెన్స్‌ను వేడి చేస్తుంది. మంచు రేకు తగలగానే కరిగి జారిపోతుంది.

ఎల్‌ఈడీ తక్కువ కరెంటు తీసుకుంటుంది కానీ, అందులోనూ సగానికి పైగా వేడిగానే మారుతుంది. తేడా ఆ వేడి వెళ్లే దారిలో ఉంది. అది చిప్‌లోనే పుడుతుంది, వెలుగుతో కలిసి బయటికి రాదు. అక్కడే ఉండిపోతే చిప్ పాడవుతుంది కాబట్టి, వెనక అల్యూమినియం రెక్కలున్న దిమ్మ పెట్టి అటువైపు లాగేస్తారు. కొన్నింటికి చిన్న ఫ్యాను కూడా ఉంటుంది. అంటే మా ఫ్రిజ్ లాగే, సెగంతా వెనక్కే. మా చిన్నమ్మ వానాకాలంలో పిల్లల సాక్సులు ఈ ఫ్రిజ్ వెనకే ఆరబెట్టేది. అదే సెగతో ఫ్రీజర్‌లోని ఐసు కరిగిందా? లేదు కదా. హెడ్‌లైటు ముందు భాగమూ అంతే.

నిజానికి ఫ్రిజ్ తన ముందు భాగాన్ని పనిగట్టుకుని చల్లబరుస్తుంది. ఎల్‌ఈడీ ఆ పని చేయదు, బయటి చలికి లెన్స్‌ను వదిలేస్తుంది. నా పోలిక ఇక్కడ కొంచెం చిరిగింది, సర్దుకోండి.

అలాగని హాలోజన్ మంత్రం కాదు. ఒక గ్రాము ఐసును కరిగించాలంటే, అదే గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీలకు వేడి చేసేంత వేడి కావాలి. 15 సెంటీమీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న లెన్స్ మీద 3 మిల్లీమీటర్ల ఐసు ఉందనుకోండి. సుమారు 80 గ్రాములు. లెన్స్‌కు 20 వాట్ల వేడి అందినా, గాలికి పోయేది లెక్కలో వేయకుండానే, 20 నిమిషాలు దాటుతుంది. హాలోజన్ గట్టెక్కేది మంచును మొదట్లోనే అంటుకోనివ్వదు కాబట్టి. ఒకసారి గడ్డకట్టాక దానికీ కష్టమే.

ఇక చిన్నాన్న వేడినీళ్లు. ఇప్పటి లెన్స్ గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. పైన పలుచని పూత ఉంటుంది. గడ్డకట్టిన లెన్స్ మీద మరిగే నీళ్లు పోస్తే పూత పగలవచ్చు. పైగా మైనస్ 25లో ఆ నీళ్లు కూడా కాసేపటికి ఐసే. ఇక్కడ డిసెంబరు పొద్దున స్కూటర్ సీటు తుడుచుకునే పద్ధతి అక్కడ నడవదు.

ఏం చేయాలంటే, మెత్తని బ్రష్‌తో దులపాలి. గట్టిపడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు వంతులు, నీళ్లు ఒక వంతు కలిపి చల్లాలి. ముందే కారు మైనం రాస్తే అంటుకోవడం తగ్గుతుంది. వెనక అద్దానికి ఉండే గీతల్లాంటి సన్నని హీటర్ తీగలున్న లెన్సులు కూడా వస్తున్నాయి. యూరప్‌లో డిమ్ లైటు మూలం ఇచ్చే వెలుగు 2000 ల్యూమెన్లు (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) దాటితే హెడ్‌లైట్లు కడిగే ఏర్పాటు తప్పనిసరి. 2000 లోపు ఉంచితే ఆ ఖర్చు తప్పుతుందని కంపెనీలకు మహా బాగా తెలుసు.

[తెర మీద: రెండు నిమిషాలే మిగిలాయి]

మన సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆదిలాబాద్ వైపు ఎంత చలి పడినా మంచు కురవదు. మనకు వచ్చేది లెన్స్ లోపలి చెమ్మ. హెడ్‌లైటుకు గాలి ఆడే చిన్న రంధ్రాలు ఉంటాయి, పలుచని చెమ్మ వాటి గుండా తానే పోతుంది. ఒక మెకానిక్ నా కారుకు ఆ రంధ్రాలనే సిలికాన్‌తో మూసేశాడు. ఆ తర్వాత చెమ్మ బయటికి పోయే దారి లేక లైట్లో తిష్ఠ వేసింది. అడుగున నీళ్లు నిలిస్తేనే సీలు పాడైనట్టు.

ములుగు దాటి తాడ్వాయి అడవిలో పొగమంచు ఉంటే హైబీమ్ వేయకండి. గాల్లోని నీటి బిందువులు ఆ వెలుగును తిరిగి మీ కళ్లలోకే కొడతాయి. డిమ్‌లోనే, నెమ్మదిగా వెళ్లండి.

లోపలి నుంచి పిలుస్తున్నారు, ఫ్రిజ్‌ను మళ్లీ గోడకు జరపాలట.