ఎంసీబీ కాపలా కాసేది వైరుకి

అందరికీ నమస్కారం.

గీజర్ వేయగానే ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్, పడిపోతోంది అనుకోండి. "ఆ 16 ఆంపియర్లది తీసేసి 32ది పెట్టండి, ఇక పడదు" అనే సలహా మీరూ వినే ఉంటారు. నిజమే, ఇక పడదు. గోడలో వైరు మాత్రం ఉడుకుతుంది. ఎంసీబీ పెట్టేది గీజర్ కోసం కాదండీ, గీజర్ దాకా వెళ్లే వైరు కోసం.

లెక్క చిన్నదే. లోడ్ లాగే కరెంటు కంటే ఎంసీబీ రేటింగ్ తగ్గకూడదు, వైరు మోయగల కరెంటును మించకూడదు. 3000 వాట్ల గీజర్ తీసుకుందాం. 230 వోల్టుల మీద 13 ఆంపియర్లు లాగుతుంది. ఆ పైన దొరికే ఎంసీబీ 16. 2.5 చదరపు మిల్లీమీటర్ల పీవీసీ రాగి వైరు, గోడ మీది కండ్యూట్ పైపులో 24 ఆంపియర్లు మోస్తుందని పట్టిక చెబుతుంది. 13, 16, 24. వరస కుదిరింది కదా? చాలామంది ఇక్కడే పెన్ను కింద పెట్టేస్తారు. మొదట్లో నేనూ అంతే.

ఆ 24 వెనక రెండు షరతులున్నాయి. చుట్టూ వేడి 30 డిగ్రీలే ఉండాలి, పైపులో ఇంకో సర్క్యూట్ ఉండకూడదు. పీవీసీ వైరులో రాగి 70 డిగ్రీలు దాటకూడదు. బయటే 40 ఉంటే దానికి మిగిలిన జాగా 30 డిగ్రీలే. అందుకని 24ను 0.87తో గుణిస్తాం. అదే పైపులో లోడ్ ఉన్న సర్క్యూట్లు మరో రెండు ఉంటే, ఒకదాని వేడి ఇంకోదానికి తగులుతుంది కాబట్టి మళ్లీ 0.7తో. చివరికి మిగిలేది 14.6. అంటే 16 ఎంసీబీ ఈ వైరును కాపాడలేదు.

"గీజర్ లాగేది 13 కదా, ఏమవుతుంది?" అంటారు. ఇవాళ ఏమీ కాదు. రేపు ఆ లైను మీద ఇంకో సాకెట్ బిగిస్తారు. 16 ఎంసీబీ 16 దాటగానే పడుతుందనుకోవడం పెద్ద పొరపాటు. 1.13 రెట్ల దగ్గర, అంటే 18 ఆంపియర్ల దగ్గర, గంటసేపు పడకుండా ఉండాలన్నదే దాని ప్రమాణం. 1.45 రెట్లయితే, అంటే సుమారు 23 దగ్గర, గంటలోపు పడి తీరాలి. ఈ మధ్యలో వైరు మెల్లగా ఉడుకుతూనే ఉంటుంది, ఎవరికీ తెలియదు.

దారులు రెండు. వైరును 4 చదరపు మిల్లీమీటర్లకి పెంచితే, పట్టికలోని 32 ఆంపియర్లు కాస్తా 19.5 అవుతుంది, సరిపోతుంది. లేదా గీజర్‌కి విడి పైపు వేస్తే 2.5 వైరే దాదాపు 21 మోస్తుంది. ఇల్లు కట్టే దశలో ఉంటే నా ఓటు విడి పైపుకే.

దూరం కూడా చూడాలి. 2.5 వైరులో మీటరుకు, ఆంపియరుకు 18 మిల్లీవోల్టులు తగ్గుతాయి. 13 ఆంపియర్లతో 20 మీటర్లకు 5 వోల్టుల లోపే, ఫరవాలేదు. 60 మీటర్లయితే 14 వోల్టులు, అంటే 6 శాతం. మామూలుగా ఒప్పుకునేది లైట్లకు 3, మిగతావాటికి 5 శాతం.

షార్ట్ సర్క్యూట్ సంగతి వేరు, అక్కడ ఎంసీబీ క్షణంలో పడాలి. బీ రకం ఎంసీబీ తన రేటింగ్‌కి 3 నుంచి 5 రెట్లకు, సీ రకం 5 నుంచి 10 రెట్లకు పడుతుంది. 16 సీ రకం తప్పక పడాలంటే 160 ఆంపియర్లు పారాలి, అంటే కరెంటు వెళ్లి తిరిగొచ్చే దారి (లూప్) మొత్తం నిరోధం 1.44 ఓమ్ దాటకూడదు. ఎర్తింగ్ బాగాలేని చోట ఇది దొరకదు. మనిషి ప్రాణానికి, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఎలాగూ ఉండాలి. కానీ ఓవర్‌లోడ్‌ని అది పట్టించుకోదు, ఎంసీబీ పని దానికి అప్పగించకండి.

ఇంతకీ మొదట్లో చెప్పిన గీజర్. 13 లాగేదానికి 16 ఎందుకు పడుతోంది? ఎంసీబీ మార్చే ముందు మెయిన్ ఆపించి, దాని స్క్రూ వదులుగా ఉందేమో చూపించండి. వదులు జాయింటు వేడెక్కి ఎంసీబీని అనవసరంగా పడేస్తుంది. అదీ కాకపోతే, ఆ లైను మీద ఇంకేం తగిలించి ఉందో వెతకండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.